మచ్చు దిమ్మ

బెల్లం వ్యాపారంలో నానాజీకి ముప్పై ఏళ్ళ అనుభవం. ఈ ముప్పై ఏళ్ళలో నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే, సరుకు ఎలా ఉన్నా మచ్చు బాగుండాలి అంటాడు. కటక్ నుంచి కొనడానికి వచ్చినవాడు ప్రతి దిమ్మనూ చిదిమి చూడడు. పై వరసలో బంగారు రంగున్న దిమ్మ ఒకటి చూస్తాడు, చిన్న ముక్క నాలిక మీద వేసుకుంటాడు, తల ఊపుతాడు. కింది వరసల్లో నల్లబడ్డవి, చెమ్మ పట్టినవి ఎన్ని ఉన్నా, లారీ ఊరు దాటాక అవి నానాజీ లెక్కలోకి రావు. అలాగని ఆయన మోసగాడేమీ కాదు. అనకాపల్లి మార్కెట్లో అందరిదీ అదే పద్ధతి. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు. తెలిసే ధర తగ్గించి అడుగుతాడు.

అలాంటి మనిషి యాభై ఆరో ఏట ఆఫ్రికా వెళ్ళి కొండెక్కుతానంటే మార్కెట్ నవ్వకుండా ఎలా ఉంటుంది?

"ఏటి బావా, కిలిమంజారో అంట," అన్నాడు పక్క కొట్టు దేవీప్రసాద్. "అక్కడ మన బెల్లం తినేవోళ్ళున్నారేటి?"

"బేరానికి కాదు బావా. పావనితో వెల్తన్నాను."

"కొండ దిగేక జీపెక్కించి ఏనుగుల్ని కూడా సూపిత్తారంట గదా. దానికంత దూరం ఎందుకు? పార్వతీపురం బస్సెక్కు. సెరుకు తోటలో నిలబడు. ఏనుగే నిన్ను సూడ్డానికొత్తాది."

కొట్టు ముందున్నవాళ్ళంతా నవ్వారు. నవ్వితే పోయేదేమీ లేదు కనక నానాజీ కూడా నవ్వాడు.

పావని ఆయన ఒక్కగానొక్క కూతురు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని. కంపెనీ బస్సు రోజూ పొద్దున్నే వాళ్ళ సందు చివరే ఆగుతుంది. అయినా ఆ పిల్ల రెండేళ్ళుగా అక్కడే హాస్టల్లో ఉంటోంది. ఎప్పుడైనా ఆదివారం వస్తే తల్లి కోసం వస్తుంది. తండ్రి అడిగినదానికి ఊఁ అనో, లేదు అనో చెప్పి గదిలోకి వెళ్ళిపోతుంది.

దానికి కారణం రోనాల్డ్ అనే కుర్రాడు. అదే కంపెనీలో పనిచేసేవాడు. ఒకనాడు ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, పావనిని చేసుకుంటానని అడిగాడు. నానాజీ కాదనలేదు. కాదంటే పిల్ల మొండికేస్తుందని ఆయన లెక్క. టీ ఇప్పించి, ఆలోచించి చెబుతామని పంపాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కుర్రాడిని కలిసి, "పావని మేనత్త కొడుక్కి ఒప్పుకుంది బాబూ. నీకు మొహం సూపించలేక నన్ను పంపింది," అన్నాడు. ఆ కుర్రాడు నమ్మాడు. హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం చూసుకుని, ఫోన్ నంబరు కూడా మార్చుకుని వెళ్ళిపోయాడు. పావనికి అసలు సంగతి తెలిసేసరికి అతనికి పెళ్ళి కూడా అయిపోయింది.

"కాదన్నా ఊరుకుందును నాన్నా," అంది ఆ రోజు. "నేననని మాట నా నోట్లో పెట్టేవు."

అంతే. తర్వాత పెట్టె సర్దుకుంది.

కొండ ప్రయాణం పావనిదే. బెంగుళూరులో ఒక సంస్థ గైడును ఇచ్చి బృందంగా తీసుకువెళుతుంది. స్నేహితురాలు దీనాతో కలిసి వెళదామని ఏడాది ముందే పేర్లిచ్చింది. తీరా దీనాకు పెళ్ళి కుదిరి మానుకుంది. ఒక చోటు ఖాళీ అయింది. ఆ మాట విన్న నానాజీ భార్య శ్రీదేవి, కూతురికి అన్నం వడ్డిస్తూ, "మీ నాన్నని తీసుకుపో," అంది.

పావని అన్నం తిని లేచింది. చెయ్యి కడుక్కుంటూ, "రమ్మను. కానీ అందరికీ ఉన్న రూల్సే ఆయనకీ. టెస్టులన్నీ చేయించుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్క అబద్ధం దొర్లినా నేనొక్కదాన్నే పోతాను," అంది.

హాల్లో కూర్చున్న నానాజీ అంతా విన్నాడు. అప్పటికప్పుడే మనసులో కాటా వేశాడు. ఇంట్లో అయితే పావని లేచి గదిలోకి పోతుంది. కొండ మీద గది లేదు. హాస్టల్ లేదు, కంపెనీ బస్సు లేదు. వారం రోజులు ఒకే దారిలో ముందో వెనకో నడవాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి జనం నెమ్మదిస్తారట. అలా నెమ్మదించిన చోట ఎక్కడో పక్కపక్కన నడుస్తున్నప్పుడు చెప్పాల్సింది చెప్పేస్తాడు. తప్పు చేశాను తల్లీ అనే మాట. ఇంత చిన్న మాట దింపడానికి అంత దూరం తోలాలా అంటే, తోలాలి. కొన్ని సరుకులు ఉన్న ఊళ్ళో చెల్లవు. ఆ రాత్రి శ్రీదేవితో మాత్రం, కొండ మీద పావనికి ఒక మాట చెప్పాలన్నాడు.

మర్నాటి నుంచే సత్యనారాయణస్వామి కొండ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. వీపు సంచిలో బరువు పెట్టుకుని నడవాలని గైడు ఫోన్లో చెప్పాడు. బరువంటే నానాజీకి బెల్లం దిమ్మే. గోనె చుట్టి ఒకటి సంచిలో వేసుకున్నాడు. చెమటకు సంచి తడిసి, బెల్లం కరిగి, చొక్కా వీపుకి అతుక్కుని, చీమలు ఇంటిదాకా సాగనంపేవి. కొత్త బూట్లు కొన్నాడు. అవి మెత్తబడేదాకా తొడుక్కునే మార్కెట్లో తిరిగాడు. చలి అలవాటు కావాలని ఒక తెల్లవారుజామున లంబసింగి వెళ్ళి, చెవులకు గుడ్డ కట్టుకోకుండా నిలబడి వచ్చాడు. వారం రోజులు దగ్గాడు.

దగ్గు పోయింది. మరొకటి పట్టుకుంది. మెట్లు సగం ఎక్కేసరికి గుండెల మధ్య ఎవరో దిమ్మ దించినట్టు బరువెక్కేది. ఎడమ భుజం గుంజేది. ఊరు చూస్తున్నట్టు నటిస్తూ మెట్టు మీద కూర్చుంటే కొంతసేపటికి తేలికయ్యేది. గ్యాస్ అనుకున్నాడు. సోడా తాగాడు. వాము నమిలాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ అదే చోట అదే బరువు. కాటా ఎన్నిసార్లు వేసినా ఒకే తూకం వస్తుంటే తప్పు కాటాది కాదని ఆయనకు తెలియనిది కాదు.

ఆ మధ్య ఇద్దరూ కలిసి విశాఖపట్నం వెళ్ళి ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ వేయించుకున్నారు. తిరుగు బస్సులో పావని కిటికీ పక్క సీటు ఆయనకు ఇచ్చింది. ఫోన్లో జీబ్రాల మంద బొమ్మ చూపించింది. "చలికి నీ చేతులు తట్టుకోవు నాన్నా. గ్లోవ్స్ రెండు జతలు కొను," అంది. రెండేళ్ళలో ఆ పిల్ల అడక్కుండా మాట్లాడిన మొదటి మాట అది. నానాజీ ఆ సాయంత్రమే నాలుగు జతలు కొన్నాడు.

ఇక మిగిలింది గుండె పరీక్ష. నడిచే యంత్రం మీద నడిపించి, దాని వేగం పెంచుతూ పోతే గుండె ఎలా ఆడుతుందో చూసే పరీక్ష. అది లేనిదే బృందంలోకి రానివ్వరు.

నానాజీ రెండు రోజులు ఆలోచించాడు. పరీక్షకు పోతే ఆ బరువు బయటపడుతుంది. బయటపడితే కొండ లేదు. కొండ లేకపోతే పావని లేదు. పోనీ అక్కడికి వెళ్ళాక పైకి ఎక్కలేకపోతే? సగంలో ఆగిపోతాడు, దింపేస్తారు. దింపేలోగా చెప్పాల్సింది చెప్పేసి ఉంటాడు. చచ్చిపోతే అన్న ప్రశ్న కూడా వేసుకున్నాడు. ఆ పక్క పెద్దగా బరువు తూగలేదు.

మూడో రోజు పరదేశిని పిలిచాడు. పరదేశి మార్కెట్లో దిమ్మలు దించి కాటా పెట్టే కొలగారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు, ఒకే ఎత్తు. దిమ్మలు ఎత్తి ఎత్తి గట్టిపడిన ఒళ్ళు పరదేశిది.

"గాజువాకలో ఓ యంత్రం ఉంది. దాని మీద నడిసి రావాలి. అడిగితే నా పేరు సెప్పు."

"ఎక్కడికి నడవాలి బాబూ?"

"ఎక్కడికీ లేదు. ఉన్నచోటే."

"ఉన్నచోటే నడవడానికి గాజువాక దాకా ఎందుకండి," అన్నాడు పరదేశి. కానీ వెళ్ళాడు.

పరీక్ష రిపోర్టు దివ్యంగా వచ్చింది. నానాజీ దాన్ని ఫోటో తీసి కూతురికి పంపాడు. కాసేపటికి జవాబు వచ్చింది. 'చాలా బావుంది నాన్నా. నువ్వింత ఫిట్ అనుకోలేదు.' పక్కన నవ్వుతున్న బొమ్మ ఒకటి. నానాజీ ఆ రోజు వేలంపాటలో రెండు లాట్లు వదిలేసుకున్నాడు. ఫోన్ తీసి చూసుకోవడం, జేబులో పెట్టుకోవడం, మళ్ళీ తీయడం.

మర్నాడు మార్కెట్లో పరదేశి చొక్కా విప్పి దిమ్మలు మోస్తుంటే కొలగార్లంతా వాడిని పట్టుకున్నారు. వైర్లు అతికించడానికి ఛాతీ మీద వెంట్రుకలు అక్కడక్కడ గొరిగేశారు గాజువాకలో. నల్లటి ఛాతీ మీద రూపాయంత బోడి మచ్చలు.

"ఏట్రా పరదేశీ, గుండెల మీద కోతలు కోసేరేటి?"

"గొర్రె ఏటైనా మేసిందేమో సూడండ్రా."

పరదేశి చెప్పలేదు. చెప్పవద్దని మాట తీసుకున్నాడు బాబు. నానాజీ ఆ నవ్వులు విన్నాడు, పరదేశి మాట తప్పనందుకు సంతోషించాడు, కొట్లోకి వెళ్ళిపోయాడు. పై దిమ్మ మీదే కన్ను పెట్టడం అలవాటైన మనిషికి, ఎదుటివాడి కన్ను ఎక్కడ పడుతుందో తట్టలేదు.

ఆదివారం పావని వచ్చింది. ఈసారి గదిలోకి పోలేదు. హాల్లో నేల మీద కూర్చుని తండ్రి సామానంతా పరిచి ఒక్కొక్కటే చూస్తోంది. బూట్లు వంచి చూసింది. నాలుగు జతల గ్లోవ్స్ చూసి నవ్వింది.

"ఎన్ని చేతులు నాన్నా నీకు?"

"ఒకటి తడిస్తే ఒకటుంటాదని."

ఉక్కగా ఉంది. నానాజీ ఎప్పటిలాగే పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. వంటింట్లోంచి శ్రీదేవి తొంగిచూసి మళ్ళీ వెళ్ళింది. తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకుంటున్నారని పోపు కూడా చప్పుడు కాకుండా వేస్తోంది.

"ఆ టెస్టులో స్టిక్కర్లు అంటిస్తారు చూడు, నాకు దద్దుర్లొచ్చి ఇప్పటికీ తగ్గలేదు. నీకు రాలేదా?" అని పావని తలెత్తింది.

"రాలేదు."

పావని చూపు తండ్రి ఛాతీ మీద ఆగింది. నెరిసిన వెంట్రుకలు, ఎక్కడా కత్తి పడకుండా, చిక్కగా, ఉన్నవి ఉన్నట్టు.

అప్పుడే వీధి గుమ్మంలోంచి పరదేశి వచ్చాడు. పక్కింటి వాళ్ళ పెళ్ళికి రెండు దిమ్మలు కావాలంటే మోసుకొచ్చి, ఇక్కడ మంచినీళ్ళు తాగి పోదామని. చొక్కా భుజం మీద ఉంది.

పావని అతని ఛాతీ మీది బోడి మచ్చలు చూసింది. కంపెనీలో ఆ పిల్ల పని అదే. డ్రమ్ముల్లో పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి పొడి తీసి చూడడం. ఒకసారి నానాజీ గొప్పగా మనిద్దరిదీ ఒకటే పని అంటే, "కాదు నాన్నా, అమ్మేవాడు చూపించేది శాంపిల్ కాదు. కొనేవాడు తనంతట తాను తీసుకునేది శాంపిల్," అంది.

"బాబాయ్, ట్రెడ్‌మిల్ ఎలా ఉంది?" అని అడిగింది, మామూలు గొంతుతో.

పాపకు బాబే చెప్పాడనుకున్నాడు పరదేశి. మొహమంతా వెలిగింది.

"భలేగుందమ్మా. అంత పరిగెత్తినా ఊరు కదల్లేదు. ఆ డాట్రమ్మ అంది, నానాజీ గారూ మీ గుండె కుర్రోడి గుండండీ అని. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను."

వంటింట్లో గరిటె ఆగింది. పావని గ్లోవ్స్ జతలు కలిపి, ఒక దాని మీద ఒకటి పెట్టింది. పరదేశి నీళ్ళు తాగి, ఏదో తేడా కొట్టినట్టు అందరి మొహాలూ చూసి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు.

"పావనీ," అన్నాడు నానాజీ.

"రేపు సెలవు పెడతాను. విశాఖపట్నం పోదాం. నువ్వే నడువు. నేను చూస్తాను."

అరవలేదు. ఏడవలేదు. అరిచి ఉంటే నానాజీకి కొంత ఆశ ఉండేది. కోపం మీద ఉన్నవాడితో బేరం కుదురుతుంది. బేరం వదిలి లేచి వెళ్ళిన వాడితోనే కుదరదు.

మర్నాడు ఆస్పత్రిలో ఆయన ఛాతీ మీదా గొరిగారు. వైర్లు అంటించారు. యంత్రం మొదట నెమ్మదిగా, తర్వాత కాస్త ఎగువకు వంగి తిరిగింది. రెండో దశ దాటకుండానే ఆ బరువు గుండెల మీదికి దిగింది. మొహం దాచుకుందామనుకున్నాడు గానీ తెర మీద గీతలు మొహంతో పని లేకుండానే అంతా చెప్పేశాయి. డాక్టరు యంత్రం ఆపించి కుర్చీలో కూర్చోబెట్టింది. రక్తనాళాల్లో అడ్డు ఉన్నట్టుంది, ఈ వారంలోనే ఏంజియో చేయించాలి, కొండ సంగతి ఇక మరిచిపోండి అంది. ఇలా ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. నానాజీ చెప్పేలోపే పావని, "ఆయన్ని అడిగితే తెలీదండీ. టెస్టులోనే చూడండి," అంది.

వరండాలో బల్ల మీద కూర్చున్నారు. పావని ఫోన్లో మాట్లాడి గురువారానికి ఏంజియో ఖాయం చేసింది. తల్లి దగ్గరుంటుందని చెప్పింది. తను శుక్రవారం బయల్దేరాలి. మానుకుంటానని అనలేదు. నానాజీ అడగలేదు. ఊరికే ఉండలేక, నవ్వు తెచ్చుకుని అన్నాడు:

"మీ కంపెనీలో ఇలాటి సరుకొత్తే ఏటి సేత్తారు? పారేత్తారా?"

"పారేయం," అంది పావని ఫోన్లోంచి తలెత్తకుండానే. "ఎర్ర లేబులేసి వేరే గదిలో పెట్టి తాళమేస్తాం. ఎవరూ పొరపాటున వాడకుండా."

తిరుగు బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. ఎన్ఏడీ కూడలి దాటేదాకా పావని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"కొండ మీద నాకేదో చెప్పాలనుకున్నావంట. అమ్మ చెప్పింది. చెప్పు. నేను లంకెలపాలెంలో దిగిపోతాను, అట్నుంచటే హాస్టల్‌కి."

కొండ వద్దు, ఆఫ్రికా వద్దు, అడగకుండానే వచ్చి పక్కన కూర్చుంది అవకాశం. చెప్పాల్సిన మాట నాలిక చివర ఉంది. తప్పు చేశాను తల్లీ. అంతే. కానీ ముప్పై ఏళ్ళలో ఆఖరి ధర మొదటే చెప్పి ఎరగడు. ఆఖరి మాటకు ముందు నడవాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. ఎదుటివాడికి దారి చూపించి, మెత్తబరిచి, అప్పుడు దించాలి.

"ఆ కుర్రాడికి అప్పటికి ఉజ్జోగం పర్మినెంట్ కాలేదమ్మా," అని మొదలుపెట్టాడు.

పావని ఊఁ అంది.

"ఇంట్లో ఇద్దరు సెల్లెళ్ళు. మతం కూడా మనది కాదు. రేపు మీ మేనత్త నలుగుర్లో ఏదైనా అంటే మీ అమ్మ తట్టుకోగలదా? నేను అవన్నీ సూసుకోవాలి గదా. తండ్రినై ఉండి ఒకటి సేసేనంటే ఊరికే సెయ్యను గదా."

గాజువాక వచ్చింది, వెళ్ళింది. పావని వింటూనే ఉంది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంత ఓపికగా వింటుంటే తన మాట పనిచేస్తోందనుకున్నాడు నానాజీ. ఇంకాస్త వెనక్కి వెళ్ళాడు. పావని పుట్టిన ఏడాది బెల్లం ధర పడిపోవడం, తను పస్తుండి చదివించడం, రోనాల్డ్ వచ్చిన రోజు ఇంట్లో అందరూ ఏమన్నదీ. అన్నీ నిజాలే. ఒక్కటీ కల్తీ లేదు. కూర్మన్నపాలెం దాటింది. అగనంపూడి దాటింది. ఇక దించేద్దాం అనుకున్న చోట కండక్టర్ "లంకెలపాలెం" అని కేకేశాడు.

పావని లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"అదేనా నాన్నా?" అంది.

"ఇంకోటుంది."

"ఏటది?"

వెనక దిగేవాళ్ళు తోస్తున్నారు. ఒక ముసలమ్మ గంప పట్టుకుని, "జరగమ్మా," అంటోంది. అంతమంది మధ్య, నిలబడి, ఆ మాట ఎలా అంటాడు?

"ఫోన్లో సెప్తాన్లే," అన్నాడు.

పావని తల ఊపింది. మచ్చు చూసి, సరుకు వద్దనుకున్నవాడు మర్యాదకు ఊపే తల. మెట్లు దిగి, పరవాడ వైపు ఆటోలు ఆగేచోటికి వెనక్కి చూడకుండా నడిచింది. బస్సు కదిలింది.

అనకాపల్లి పొలిమేరలో ఫోన్ మోగింది. శ్రీదేవి.

"ఏటన్నారు డాట్రుగారు?"

"ఏం లేదు. కాస్త గ్యాసంట. కొండెక్కొద్దన్నారు, అంతే."

"మరి పావనేటండీ, ఆటోలో కూకుని ఎక్కిళ్ళు పెట్టి ఏడుత్తంది నాకు ఫోన్ సేసి? మా నాన్నకేటైనా అయిపోద్దమ్మా అని. ఇంకా లైన్లోనే ఉంది. కలిపీమంటారా? మాట్లాడతారా?"

నానాజీ నోరు తెరిచాడు. లోపల మాట సిద్ధంగానే ఉంది. కానీ ఏడుస్తున్న పిల్లకు ఆ మాట ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో, ముందు ఏం చెప్పి ఏం చెప్పాలో తెలియలేదు.

"సరిగా ఇనబడ్డం లేదు," అన్నాడు. "ఇంటికొచ్చేక సూద్దాం." ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు. అది మళ్ళీ మోగుతుందేమోనని అరచెయ్యి జేబు మీదే ఉంచుకుని కూర్చున్నాడు. బస్టాండు వచ్చింది. అందరూ దిగిపోయారు. కండక్టర్ వచ్చి భుజం తట్టి, దిగమన్నాడు.